అవ్వ దిగిన గని

పెరంబూరు రైల్వే క్వార్టర్సులో చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, ఆమె తన మగడి అవ్వ పక్కన గుబులుగా కూచుంది.

“మీ మనవడికి నెయ్వేలి బొగ్గుగనిలో పని దొరికింది, అవ్వా. పోవద్దని మీరైనా చెప్పండి.”

“తెల్లదొరల రాణి కాలంలో మీ తాతదీ గని పనే కదమ్మా. చిన్న గని. ముప్పై మందిమి దిగేవాళ్లం.”

“మీరు గూడానా?”

“లేకుంటే? ఆయన తవ్వితే బొగ్గుతట్ట మోసేదెవరు? మీ మామను ఆ చీకట్లోనే చీర ఉయ్యాల్లో పండబెట్టేదాన్ని.”

“అయ్యో! భయం కాలేదా?”

“కాన్పుకని మూణ్ణెల్లు గని దిగకుండా పైనే ఉన్నప్పుడు అయింది. రోజూ గని వాకిట నిలబడి ఏడ్చినా. మళ్లీ దిగినాక లేదు, ఆయన పక్కనే ఉండాడు గదా.”

ఆమె బిడ్డను గుండెకు అదుముకుంది.

“అయితే పంపమంటారా?”

“వాణ్ని ఒక్కణ్నే పంపమన్నానా, పిచ్చిదానా? లే, నీ చీరలు గూడా సర్దుకో.”