తాడు మీద తెల్ల ప్యాంటు

నిన్నటిదాక లేని రూలు గిప్పుడెక్కడిది, సెక్రటరీ సారూ? తెల్లబట్టలు లేకపోతే ఫైనల్ ఆడనియ్యరా? నిజంగనే రాసున్నదా, మా ఆయనను చూసినంక పుట్టిందా?

నవ్వకుండ్రి. నేను తారాబాయిని, గట్టయ్య భార్యను. గా గేటు కాడ రాకెట్ చంకల వెట్టుకొని తలకాయ వంచుకున్నడు చూడుండ్రి, మా ఆయననే.

తాతల నాటి టెన్నిస్ పోటీ అంటిరి. గీ గడ్డి మీద ఇన్నేండ్లు ఆఫీసర్లే ఆడిన్రంటిరి. గీ ఏడే బొగ్గుబాయిల దిగేటోళ్లను రానిస్తిరి. రానిచ్చి ఆఖరి దినం ఆపుడేంది? అనుమానం రాదా మాకు?

అనుమానమంటే నన్నడగాలె సారూ! నెల్లాళ్ల సంది నాకు నిద్ర లేదు. బాయిల పనిచేసేటాయన తెల్ల ప్యాంటు, తెల్ల అంగి కొనుక్కొచ్చిండు! పక్కనే బొగ్గు యార్డు, మా క్వార్టర్లల్ల తెల్లబట్ట ఎవలన్న కొంటరా?

నన్ను ముట్టనియ్యడు. ఆయనే ఉతుకుతడు, లోపటి అర్రల కిటికీ మూసి ఆరేస్తడు. మోకాలు కాడ పచ్చ మరక. బాయిల పచ్చ మరక ఎట్లంటుతది, మీరే చెప్పుండ్రి? ఎవతెతోనో తోటల కూసుంటుండనుకున్న. అడిగితే "ఏం లేదే, జర ఆగు" అంటడు.

ఇయ్యాల ఆయన ఎనుకవడి వచ్చిన, గామెను పట్టుకుందామని. మీరు పేరు పిలిస్తె గప్పుడు ఎరుకైంది. కాలు విరిగినప్పుడు లైట్ డ్యూటీ అని మీ గడ్డికి నీళ్లు వట్టవెట్టిన్రు కదా, గప్పుడే గీ ఆట నేర్చిండట. ఓడితే మా క్వార్టర్ల లైనంత నవ్వుతరని నాకు సుత చెప్పలే.

ఏంది సారూ, ప్యాంటు గంత మసి ఎట్లైందంటరా?

నేనే. నిన్న ఆయన డ్యూటీకి పోంగనే గా జత తెచ్చి వాకిట్ల తాడు మీద ఆరేసిన. నలుగురు చూడాలె, ఆయన ఇజ్జత్ పోవాలెనని. యార్డు దుమ్ము ఊకుంటదా? మాపటికి తీసి మళ్ల అర్రలనే ఏసిన.

పొద్దుగాల్ల చూసుకొని ఏమన్నడు ఎరికేనా? "కిటికీ నేనే సరిగ్గ ఎయ్యలేదేమో" అన్నడు. దులుపుకొని తొడుక్కున్నడు.

నెల్లాళ్లు నేను ఆయనను అనుమానించిన. ఆయనకు నా మీద ఇంతంత సుత రాలే సారూ.

ఆడనిస్తరో, ఎల్లగొడ్తరో మీ ఇష్టం. గా తాడు ముచ్చట మాత్రం ఆయనకు చెప్పకుండ్రి.