బొచ్చుకుక్క పిల్ల

రాజమండ్రిలో ఒక దొరగారి బంగళాలో ఆయాగా చేసే రూతు, దొరసాని కోరిన బొచ్చుకుక్క పిల్ల కోసం గోదావరి దాటి కొవ్వూరు వచ్చింది. తల్లిని చూపించకుండా పిల్లను అమ్మని మనిషి సత్తియ్య ఒక్కడేనని అందరూ చెప్పారు. ఆ సత్తియ్య ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

“పిల్లలున్నాయమ్మా. కానీ ఇప్పుడివ్వను.”

“ఉత్త చేతులతో వెళ్తే దొరసానిగారు నన్ను పనిలో ఉంచరండి. పోనీ, తల్లినైనా చూపించండి.”

“తల్లి లేదు. పొద్దున్నే చంపి పాతిపెట్టాను.”

రూతు గడప మీది కాలు వెనక్కి తీసుకుంది.

“అయ్యో, ఎందుకండీ?”

“ఇరవై రోజుల కిందట గోదావరి లంకలో నక్క కరిచింది. ఆ రోజే పిల్లల్ని వేరుచేసి మేకపాలు పడుతున్నాను. ఇవాళ దానికి పిచ్చెక్కింది. తాడు తెంపుకుని పిల్లల మీదికే వచ్చింది.”

“కరిచిందా అండీ?”

“పిల్లల్ని కరవలేదు. నేను అడ్డం వెళ్ళాను.”

అప్పుడు చూసింది రూతు, ఆయన కుడిచేతికి చుట్టిన పసుపు గుడ్డను.

“మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా అండీ?”

“గాలం గుచ్చుకుందని చెప్పాను. నువ్వు బయటపెట్టకు తల్లీ.”

“మరి నన్నెప్పుడు రమ్మంటారు?”

“రెండు నెలలాగి రామ్మా. అప్పటికి పిల్లల సంగతీ తేలుతుంది, నా సంగతీ తేలుతుంది.”

“దొరసానిగారికి ఏదో ఒకటి చెప్పుకుంటానండి. నేనొచ్చి పిలిచినప్పుడు మాత్రం తలుపు మీరే తియ్యాలి.”

సత్తియ్య తల ఊపాడు గానీ, ఆమె ముఖంలోకి చూడలేదు.