పేరమ్మ లంకలో ఆఖరి కేక

అదిగో, వంతెనకి ఎగువన ఏటి మధ్యలో నల్లగా ముద్దలాగా కనపడతందే, అదే చింతచెట్టు. పేరమ్మ లంకలో చింతచెట్టు. చూడాలంటే ఇప్పుడే చూసెయ్యండి, దీపాలు పెట్టాక అటు చూడకండి. ఏటేటా గుత్తులు గుత్తులుగా కాస్తది, కాసిందంతా రాలి అక్కడే కుళ్ళిపోద్ది గానీ ఈ ఊళ్ళో ఏ ఆడదీ ఆ చింతపండుతో చారు కాయలేదు. ఎందుకంటారా? చెప్తాను, కూర్చోండి. ఒరేయ్, ముందు ఆ ఫోన్లో దీపం ఆర్పు, కింద నుంచి వెలుగు పడతంటే నీ మొహమే దెయ్యంలా ఉంది.

లంక పేరమ్మదే గానీ కథ లోవరాజుది. మీలో కొందరు చూసుంటారు, బియ్యం మిల్లు గోడౌను దగ్గర కాపలా ఉండేవాడు, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి. వంతెన రాకముందు వాడు మన రేవులో పడవవాడు. పొద్దు పొడిచింది మొదలు ఈ ఒడ్డు నుంచీ ఆ ఒడ్డు నుంచీ "ఓ లోవరాజూ" అని ఒకటే కేకలు. పాలోళ్ళు పిలిచేవారు, పెళ్ళివారు పిలిచేవారు, నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకొచ్చినోళ్ళు పిలిచేవారు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనిచ్చేవారు కాదు. నా పేరు అరగదీసేస్తన్నారండీ బాబూ అని విసుక్కునేవాడు. మరి వంతెనొచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, దండలేశారు, అందరితో పాటు లోవరాజూ చప్పట్లు కొట్టాడు. మర్నాడు అలవాటు కొద్దీ ఎళ్ళి రేవులో కూర్చున్నాడు. ఎవడు పిలుస్తాడు? పైన లారీలు పోతన్నాయి. సాయంత్రం దాకా కూర్చుని లేచి ఇంటికి పోయాడు.

ఇంట్లో మాత్రం ఎవరున్నారు? పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. మిల్లు దగ్గర రాత్రంతా మేలుకోడం, పగలు పడుకోడం. ఊళ్ళో కనపడితే పలకరించరా అంటే పలకరిస్తారు, ఏం లోవరాజూ బాగున్నావా అంటారు, వాడు జవాబు చెప్పేలోపు దాటిపోతారు. వాడికి మాట్లాడేవాళ్ళు లేక కాదురా బాధ, పిలిచేవాళ్ళు లేక. మీకిప్పుడు అర్థం కాదులెండి, నా వయసు రానివ్వండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది తెలీకపోతే కథంతా గోదాట్లో కలిసినట్టే. ఆ రోజుల్లో లంకల్లో కూరపాదులేసేవారు, గేదెల్ని తోలేవారు, గడ్డి కోసుకునేవారు. పొద్దుగూకే వేళకి పడవవాడు ఆఖరి పడవ ఎత్తే ముందు పడవ ముక్కు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఆఖరి పడవండో, ఎవరన్నా ఉంటే రండో" అని కేకెయ్యాలి. కేక విని ఎవరన్నా "ఉన్నాను, ఉండు" అన్నారా, ఇంక ఏరు పొంగుతున్నా సరే, వాళ్ళొచ్చి ఎక్కే దాకా తాడు విప్పకూడదు. కులం అడక్కూడదు, ఎవరని అడక్కూడదు. అది రేవు కట్టుబాటు. పెద్ద వరదొచ్చిన ఏడు, లోవరాజుకి ముందున్న పడవవాడు నీళ్ళు చూసి జడుసుకుని, కేకెయ్యకుండానే పడవెత్తేశాడు. పేరమ్మ అనే ఆవిడ చెట్టవతల గడ్డి కోసుకుంటంది. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి పడవ లేదు. చింతచెట్టు ఎక్కింది. ఒడ్డున జనానికి ఆవిడ గొంతు వినపడతానే ఉంది, వరదకి ఎదురెళ్ళే మొగాడు లేడు. తరవాత గొంతు వినపడ్డం ఆగిపోయింది. అప్పట్నుంచీ ఆ లంకలో పడవ కట్టరు. కట్టినా, కేకెయ్యరు.

సరే, అలా ఉండగా అప్పాయమ్మ కొడుకు పళ్ళాలు ఉన్నాడు చూశారూ, వాడికో ఆలోచనొచ్చింది. చిన్న చిన్న ప్లాస్టిక్ పడవలు తెచ్చి రేవులో కట్టి, పడవవాడెందుకండీ, మీరే నడుపుకోండి, రోజంతా లంకలన్నీ తిరగండి అని బోర్డు పెట్టాడు. పట్నం జనం వచ్చి, నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని, గుండ్రంగా తిరిగినచోటే తిరిగి, ఫోటోలు తీసుకుని పోయేవారు. ఏదో, వాళ్ళ సరదా వాళ్ళది.

ఒకరోజు పొద్దున్నే లోవరాజు ఉతికిన చొక్కా వేసుకుని, అన్నం గిన్నె మూటగట్టుకుని రేవులోకొచ్చి, నాకూ ఒక పడవ అద్దెకియ్యి బాబూ అన్నాడు. ఊరందర్నీ దాటించినోడు పడవ అద్దెకడగడం ఏంటని పళ్ళాలుకి తట్టలేదు. కుర్రోడు కదా, అందరికీ చెప్పే పాఠమే చెప్పాడు, మోటారు ఇలా లాగాలండి, పడవలో నిలబడకూడదండి అని. లోవరాజు బుద్ధిగా అంతా విని, మోటారొద్దులే, తెడ్డియ్యి అన్నాడంట. అప్పాయమ్మ గట్టు మీద తన గుమ్మంలో చేపలు తోముతా విని, ఒరేయ్ నువ్వు పుట్టింది ఈయన పడవలోరా, ఏటి మధ్యలో, అని నవ్వింది. అని, జాగ్రత్త అన్నయ్యా, చెట్టు వైపు ఎళ్ళకు అంది. లోవరాజు తలూపాడు. ఊపిన తలలన్నీ మాట వింటాయా?

పగలంతా తిరిగాడు. ఒక లంకలో దిగి ఇసకలో నడిచాడు, ఒక లంకలో ఎవరో ఎప్పుడో వేసిన దోసపాదు దానంతటదే మొలిచి కాస్తంటే కాయ కోసుకు తిన్నాడు. ఇంకో చోట పశువుల పాక కూలిపోయి, పొయ్యి మూడు రాళ్ళూ అలాగే ఉన్నాయి. ఇక్కడ ఫలానా వాడు ఉండేవాడు, ఇక్కడ ఫలానా ఆవిడ మజ్జిగిచ్చేది అని తనలో తను అనుకుంటా తిరిగాడు. చెప్పుకోడానికి పక్కన మనిషి లేకపోతే ఎంత చోటు తిరిగినా ఏం లాభం? ఎండ ముదిరింది. నీడున్న చోటు ఏట్లో ఒక్కటే ఉంది. భయం లేదా అంటారు. దెయ్యానికి భయపడాలన్నా ఇంట్లో ఒక మనిషుండాలిరా, భయమేసిందని చెప్పుకోడానికి. ఎళ్ళి చింతవేరుకి పడవ కట్టి, అన్నం తిని, చెట్టుకిందే నిద్రపోయాడు.

మెలకువొచ్చేసరికి పొద్దుగూకుతంది. గబగబా లేచి పడవెక్కి తాడు మీద చెయ్యేశాడు. ఇదిగో, ఇక్కడే పొరపాటు జరిగింది, పట్నపోళ్ళెవరూ చెయ్యని పొరపాటు, ఒక్క పడవవాడే చేసే పొరపాటు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు కదా, సందె వెలుగు చూసి, ముక్కు మీద నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆఖరి పడవండో, ఎవరన్నా ఉంటే రండో" అని కేకేసేశాడు.

"ఉన్నానయ్యా, ఉండు" అని చెట్టవతల నుంచి ఒక ఆడగొంతు.

తాడు లాగి పారిపోవచ్చు, ఎవడడ్డం? కానీ వినపడ్డాక తాడు విప్పకూడదు. అదీగాక, ఇది వాడే అప్పాయమ్మతో చెప్పుకున్న మాట, తనని ఒక మనిషి ఉండమని అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదంట. ఆగాడు. మనిషి సరిగా కనపడలేదు, నెత్తిన మోపుతో వంగి నడిచే నీడ కనపడింది, పడవ ఒక పక్కకి ఒరిగి సద్దుకుంది, తడిగడ్డి వాసన కొట్టింది. వాడు తెడ్డేశాడు.

ఏట్లో ఆవిడ మామూలుగానే మాట్లాడిందంట. ఊళ్ళో అందరూ బాగున్నారా, మా గేదె ఈనిందా అని. గేదె సంగతి వాడికేం తెలుసు, ఈనిందమ్మా, పెయ్యదూడ అన్నాడు. ఆవిడ సంతోషించింది. వాడికీ సంతోషమేసింది, పడవలో మాటలు విని ఎంత కాలమైందో. మరి ఈ ఒడ్డుకొచ్చారు. ఆవిడ దిగలేదు. ఇది మా రేవు కాదే, మా రేవులో రావిమొక్కుంటది, మావాళ్ళు లాంతరు పట్టుకుని నిలబడతారు, ఇక్కడెవరూ లేరే అంది. నిజమే కదా, పాత రేవు గట్టు కింద పడి ఎప్పుడో పోయింది, ఆవిడవాళ్ళు ఊరొదిలేసి ఎటో పోయారు. ఎక్కిన మనిషికి దిగే చోటు లేకపోతే ఎక్కించుకున్న చోటే దింపాలి, అదీ కట్టుబాటే. మళ్ళీ తిప్పాడు పడవ.

దిగుతా అడిగిందంట, నన్ను పిలిచేవాళ్ళు లేక ఉండిపోయాను, నీకెవరున్నారు బాబూ అని. లోవరాజుకి రోషమొచ్చింది. ఊరంతా నావాళ్ళేనమ్మా అన్నాడు. అయితే రేపు సాయంత్రం వచ్చి నా దగ్గర కూర్చో, దీపాలు పెట్టే లోపు ఆ ఒడ్డు నుంచి ఎవరన్నా నిన్ను పేరు పెట్టి పిలిస్తే ఎళ్ళిపో, నేను అడ్డం రాను, పిలవకపోతే ఉండిపో, నాకూ తోడుంటది అంది. సరేనన్నాడు. పడవవాడు సరేనంటే సరేనన్నట్టే.

పొద్దున్నే వచ్చి ఇదంతా అప్పాయమ్మకి చెప్పాడు. అందుకే మనకి తెలిసింది, లేకపోతే నాకెలా తెలుస్తదిరా, నేనేమన్నా చెట్టెక్కి కూర్చున్నానా? అప్పాయమ్మ గుండె బాదుకుంది. నీకు మతి పోయిందా అన్నయ్యా, ఎళ్ళకు అని బతిమాలింది. మాటిచ్చానమ్మా అన్నాడు. అని, "ఎవరన్నా పిలుస్తారో లేదో నాకూ చూడాలనుంది" అన్నాడంట. ఆ మాట చెప్పినప్పుడల్లా అప్పాయమ్మ ఏడ్చేది. నేను పిలిపిస్తాను, నువ్వు చెవి ఇటే పెట్టుకుని కూర్చో అంది. వాడు నవ్వి, తెడ్డు తీసుకుని ఎళ్ళిపోయాడు.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గట్టు దిగలేదు. కొడుకుని కూర్చోబెట్టి, ఒరేయ్, పొద్దుగూకే ముందు రేవులోకి ఎళ్ళి లోవరాజు మావయ్యని కేకెయ్యి, ఎన్ని పనులున్నా ఎళ్ళు అని ఒట్టేయించుకుంది. ఎందుకో మాత్రం చెప్పలేదు, చెబితే దెయ్యాలేంటమ్మా అని నవ్వుతాడని. పళ్ళాలు చెడ్డోడు కాదు, ఎళ్ళాడు. ముందు ఫోన్ చేశాడు. లోవరాజు ఫోను మిల్లు గదిలో మేకుకి తగిలించిన చొక్కా జేబులో మోగి మోగి ఊరుకుంది. తరవాత రేవులో నిలబడ్డాడు. మిగతా పడవలన్నీ అద్దెకి పోయాయి, పట్నం నుంచి ఎవరో కుటుంబం వచ్చి, సూర్యాస్తమయం చూడాలి, పడవేదండీ అని వాడి ప్రాణం తోడేస్తున్నారు. లంక వైపు చూశాడు, చెట్టుకింద మనిషి కూర్చునుండడం కనపడింది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని కేకేశాడు.

"ఓయ్, పడవ తెండీ! పడవండీ, పడవ!"

అంతే. అలాగే పిలిచాడు. చెట్టుకింద మనిషి లేచి నిలబడ్డాడంట. నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంకోసారి వినడానికి ఆగాడంట. పళ్ళాలు ఇంకోసారి కూడా కేకేశాడు. పడవ పడవ అనే. అక్కడ లోవరాజు మనసులో ఏముందో ఎవడు చూసొచ్చాడు? నేననుకుంటాను, ఇంకొక్క మాట కోసం చూసుంటాడు. కాస్సేపటికి మళ్ళీ కూర్చున్నాడంట. వంతెన మీద దీపాలు ఎలిగాయి.

ఇంటికొచ్చాక తల్లి అడిగింది, పిలిచావురా అని. పిలిచానమ్మా, వినపడింది కూడా, లేచాడు అన్నాడు. ఏమని పిలిచావు అంది. పడవ తెమ్మన్నానమ్మా అన్నాడు. "పేరు పెట్టి పిలవలేదా?" అంది. వాడికి అర్థం కాలేదు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని పాకినట్టే గట్టు దిగింది, దిగి ఓ లోవరాజన్నయ్యా, ఓ లోవరాజన్నయ్యా అని గొంతు పోయేదాకా పిలిచింది. అప్పటికి చీకటి పడిపోయింది.

మర్నాడు పది మందీ ఎళ్ళారు. పడవ చింతవేరుకి కట్టుంది, పడవోళ్ళు కట్టే ముడితో, శుభ్రంగా. తెడ్డు లోపల ఉంది. గడ్డి మీద ఇద్దరు కూర్చున్నట్టు నలిగుంది. మనిషి లేడు, ఏట్లోనూ దొరకలేదు. అంతా ఒడ్డున నిలబడి ఓ లోవరాజూ, ఓ లోవరాజూ అని పిలిచారు. ఊరంతా పిలిచింది ఆ రోజు. ఏం లాభం, ముందురోజు ఒక్కడు పిలిస్తే సరిపోయేది.

పళ్ళాలు ఆ పడవలన్నీ అమ్మేశాడు. ఇప్పుడు ఎవరు దూరాన కనపడినా పేరు పెట్టి పిలుస్తాడు, చూశారుగా, మీరు పిచ్చోడని నవ్వుకుంటారు. గాలి ఇటు తిరిగినప్పుడు పొద్దుగూకే వేళ ఆ చెట్టు నుంచి కేకొస్తది, ఆఖరి పడవండో, ఎవరన్నా ఉంటే రండో అని. అది లోవరాజు గొంతే. మంచోడు, ఎవర్నీ ఏమీ చెయ్యడు, ఉన్నానంటే మాత్రం మీరొచ్చే దాకా ఆగుతాడు.

కాబట్టి అటు పోకండి. అదిగో, మీ అమ్మ నిన్ను కేకేస్తంది, వినపడలేదా? ఎళ్ళు, పలుకుతా ఎళ్ళు. అన్నం మీద మూతేసుకుని ఎదురుచూసే మనిషి ఉన్నోళ్ళకి చింతచెట్టు వల్ల భయం లేదు. లేనోళ్ళు మాత్రం ఆ కేక వినపడితే చెవులు మూసుకోండి. నేనైతే సందె వేళకి రేడియో పెట్టుకుంటాను.