మేస్త్రీ చెయ్యి ముంచిన తొట్టి

ఆగాగు పిల్లా, ఆ గులాబీని అప్పుడే అందులో పెట్టకు! కొత్త సిమెంటు తొట్టి కదే అది. ఎప్పుడు పోశారు? మొన్ననా? ఇంకేం, మొక్క చచ్చి ఊరుకుంటుంది. నాకెలా తెలుసంటావేం, మేస్త్రీ పెళ్లాన్ని కదా. ఇలా కూర్చో, చెప్తా.

మా పెళ్లయిన కొత్తలో మీ తాతయ్య పనిలో మిగిలిన సిమెంటుతో నాకో తొట్టి పోసిచ్చాడు. ఎంత నున్నగా ఉందో! కింద చిల్లు పెట్టడం మాత్రం మర్చిపోయాడు మహానుభావుడు. తర్వాత సుత్తీ ఉలీ పట్టుకుని కొట్టాడులే, అది వేరే కథ. ఆ... ఏం చెప్తున్నా? గులాబీ పెట్టాను. నెల తిరక్కుండానే ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉండేవి, అదో వింత. ఎండిపోయింది. ఇంకోటి పెట్టా, అదీ పోయింది. అప్పటికి మీ అమ్మ ఇంకా పుట్టలేదు. రెండుసార్లు కడుపు పోయింది నాకు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "కొందరి చేతులంతేనమ్మా, ఏదీ నిలవదు" అంది. నిజమేననుకున్నానే. ఆయన మూడో మొక్క తెచ్చిస్తే "నువ్వే పెట్టుకో, నేను ముట్టను" అని లోపలికెళ్లి ఏడ్చాను.

ఆయన తొట్టి ఖాళీ చేసి, చిల్లుకి గుడ్డ కుక్కి, నీళ్లు నింపాడు. మర్నాడు పని నించొచ్చి అందులో చెయ్యి పెట్టి "అబ్బా!" అని లాగేసుకున్నాడు. మేస్త్రీ చేతులు కదా, అన్నీ పగుళ్లే. "ఇలా రావే! నా చేతులు తినేసే సున్నం ఘాటే ఈ నీళ్లలోకీ దిగుతోంది. ఇంత మొద్దు చెయ్యే మండుతుంటే పాపం వేళ్లేం తట్టుకుంటాయి? తప్పు నా సిమెంటుదే, నీ చేతిది కాదు" అన్నాడు. ఇక రోజూ పారబొయ్యడం, నింపడం, చెయ్యి ముంచి చూడటం. మూడు వారాలు దాటాక "మండట్లేదు, ఇక పెట్టు" అన్నాడు. నా చేత్తోనే పెట్టించాడు. ఎన్ని పూలనుకున్నావ్! మరుసటేడే మీ అమ్మ పుట్టింది.

అదిగో, ఆ మూల తొట్టి చూశావా? ఆయన పోసిన ఆఖరిది. నాలుగు రోజులు నీళ్లు మార్చాడు, అయిదో రోజుకి మనిషే లేడు. పదకొండేళ్లయింది. నేనే రోజూ పారబోసి నింపుతున్నా. మీ అమ్మేమో "ఇంకా ఘాటేం ఉంటుందమ్మా, ఏదో ఒకటి పెట్టేయ్" అంటుంది. దానికేం, అంటుంది. నేనూ చెయ్యి ముంచి చూస్తాగా. నా చేతికి మొదట్నించీ మండదే. చాలని చెప్పాల్సింది ఆయన...

సరేగానీ, నీ తొట్టికి కింద చిల్లుందా? వంచి చూడు.