బండెక్కే ముందు వాళ్ళన్న మాట

"పెద్దవ్వా, మా అవ్వ నన్ను ఇందుకే పంపింది. చిన్నప్పుడు బండెక్కే ముందు కవలలిద్దరూ ఏదో అన్నారని తనని సాకిన దొరసానమ్మ చెప్పేదంట, అదేందో నిన్ను అడిగి రమ్మనింది. తనకి ఒక్క ముక్క కూడా గుర్తు లేదంట."

అడిగి రమ్మనిందా? నరసేనా? ఇన్నేండ్లకా!

ముందు ఆ మజ్జిగ తాగు మే. నెల్లూరి నుంచి బస్సులో కుదేసుకుంటా వచ్చినావు. చెబుతాలే, ఈ వయసులో నేను యాడికి పారిపోతాను. మొదట్నుంచీ చెప్పనీ, లేకుంటే నోరు రాదు నాకు.

మా నాయన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. కొండెక్కి కర్ర కొట్టుకొచ్చి, నీడన ఆరబెట్టి, బాడిశతో చెక్కేవాడు. ఆయన చేతి గరిటె ఇంటికొకటి ఉండేది మా పక్కన. మేము ముగ్గురం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, సుబ్బులు. నా తరవాత కవలలు, పెంచలా, మీ అవ్వ నరసా. నాకంటే మూడేండ్లు చిన్న. కాదు కాదు, నాలుగు. నాకు పళ్ళు ఊడేటప్పటికి వాళ్ళు తప్పటడుగులేస్తా ఉన్నారు, ఆ, నాలుగే.

ఆ ఇద్దరికీ మాటలు రాలా. అంటే మన మాటలు. ఊరంతా మూగపిల్లలనింది, అమ్మ మొక్కని దేవుడు లేడు. యాడ మూగపిల్లలు! పొద్దుగూకులూ వాళ్ళలో వాళ్ళు ఒకటే వాగుడు. నీళ్ళంటే ఊకు. కాకి అంటే బిత్తు. కోపమొస్తే రక్క రక్క అనుకుని మళ్ళా నవ్వుకునే వాళ్ళు. పేర్లు కూడా వేరే లేవు మే. అది దీన్ని తుయ్ అనేది, ఇది దాన్ని తుయ్ అనేది. నువ్వన్నా తుయ్, నేనన్నా తుయ్, ఇద్దరమన్నా అదే.

అమ్మకి కూలి పని, నాయనకి బాడిశ. ఆ ఇద్దర్నీ ఎత్తుకునేది నేను, కడిగేది నేను. వినీ వినీ నాకు వచ్చేసింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలా. అయితే ఒకటుండాది, విను. నేను ఆ మాటలు మాట్లాడితే వాళ్ళకి గిట్టేది కాదు. ఒకసారి, "ఊకు కావాల్నా?" అన్నాను. ఇద్దరూ గమ్మున నోళ్ళు మూసుకున్నారు. నా మొహం చూసి, చేతులు పట్టుకుని లేచి దొడ్లోకి పోయినారు. నాకు ఎంత ఏడుపొచ్చిందో! మోసి మోసి నడుం పడిపోయేది నాకు, వాళ్ళ కాడ మాత్రం నాకు చోటు లేదు. అప్పట్నుంచి అర్థమైనా కానట్టే ఉండేదాన్ని.

ఇంగ ధాత నామ సంవత్సరం కరువొచ్చింది. ఆ యేడు వాన లేదు, ఆ మళ్ళా యేడూ లేదు. జొన్నలు ఎంత ధరకి పోయినాయని నన్ను అడగబాకు, ధర కొన్నోళ్ళకి తెలుస్తాది. మేము బలుసాకు ఉడకబెట్టుకుని తిన్నాం, నాగజెముడు కాయలు ముళ్ళు కాల్చి తిన్నాం. నాయన మాత్రం చెక్కతానే ఉన్నాడు. కుండలో ఏమీ లేకుంటే గరిటె ఎవరు కొంటారు చెప్పు? అన్నీ కొట్టంలో పేరుకుపోయినాయి. కడాకు అమ్మ వాటినే పొయ్యిలో పెట్టింది. నాయన చూసినాడు. ఆ వారంలోనే వాంతులూ బేదులూ పట్టుకుని పోయినాడు.

అమ్మ మమ్మల్ని ఏసుకుని ఆత్మకూరికి నడిచింది. ఎన్ని దినాలు నడిచినామో తెలీదు. ఆడ సర్కారోళ్ళు మట్టి పని పెట్టి ఉన్నారు. తట్ట మోస్తే గింజలిస్తారు. నా ఈడు పిల్లలు కూడా మోసే వాళ్ళు. పసిపిల్లలకి పాకలో గంజి పోస్తారు. నేనేమో ఎటూ కాకుండా పోయినాను. గంజికి పెద్దదాన్ని, పని చేద్దామంటే ఈ ఇద్దర్నీ చూసే వాళ్ళు లేరు. అమ్మ తన గింజల్లోనే నాకింత పెట్టేది. ఆ పాకలో వాళ్ళు తాగతా ఉంటే ముంతల్లోకి చూస్తా కూర్చునేదాన్ని. అడుగున ఏమన్నా మిగిలితే నాకు. మిగిలేది కాదు.

అప్పుడొచ్చింది దొరసానమ్మ, నెల్లూరి నుంచి ఎద్దుల బండిలో. తెలుగు బాగానే మాట్లాడేది. పనికి చాలని పిల్లల్ని తీసకపోయి తిండి పెడతాము, చదువు చెబుతాము, వానలు పడినాక వచ్చి తీసకపోండి అనింది. మా కవలల్ని చూసి, ఈ ఇద్దర్నీ పంపమ్మా అనింది. నన్ను కాదు. నేను తట్ట మోసే ఈడుదాన్ని గదా. అమ్మ నన్ను పిలిచింది. "సుబ్బులూ, వాళ్ళ మాట నీకు తెలుసు గదా. అడుగు. పోతామంటే పంపిస్తా. పోమంటే, అయ్యేది అవతాది, నలుగురం ఒక్క చోటే ఉందాం" అనింది.

నాకు తెలుసని అమ్మకి ఎట్టా తెలుసో మే. నేను ఎప్పుడూ చెప్పలా.

అడిగినాను. వాళ్ళ మాటల్లోనే అడిగినాను. ఆ రోజు లేచిపోలా వాళ్ళు. నా మొహంలోకి చూసి, ఇద్దరూ ఒక్కసారే చెప్పినారు. ఏడవలా, తల కూడా ఊపలా. నేను ఉన్నది ఉన్నట్టు అమ్మకి చెబుతానని వాళ్ళ నమ్మకం. నేను అమ్మ తట్టు తిరిగి, "పోతారంటమ్మా. తెల్ల బువ్వ తింటారంట" అన్నాను.

అబద్ధం. వాళ్ళు అన్నది అది కాదు.

బండి కదిలినాక మళ్ళా అదే మాట అరిచినారు, ఒకటికి నాలుగుసార్లు. అమ్మ పరిగెత్తతా, "ఏందే, ఏమంటుండారే?" అనింది. "పోయొస్తామంటుండార"ని చెప్పినాను. మర్నాడు నేను తట్ట మోసినాను. నాకూ గింజలిచ్చినారు. కడుపు నిండా తిన్నాను మే, ఎన్నాళ్ళకో. అది నీ దగ్గర దాచి ఏం చేసుకోను. ఆ తిండి కోసమే చేసినాను నేను. వాళ్ళు బాగుండాలని పంపినానని పది మందికి చెప్పినా, అది తరవాత అల్లుకున్నదే.

వానలు పడినాక మేము ఉదయగిరికి వచ్చేసినాం, అమ్మ నెల్లూరికి పోయి ఒక్కతే తిరిగొచ్చింది. పెంచల జరమొచ్చి చచ్చిపోయిందంట. నరస అమ్మని గుర్తు పట్టలా, పిల్లల్ని సాకే ఆడి ఆయా కొంగు వదల్లా. ఒక నెల పాటు తుయ్, తుయ్ అని మూలమూలలా వెతికిందంట, తరవాత మానేసిందంట. "ఇప్పుడు మీ బిడ్డ చక్కగా తెలుగు మాట్లాడతా ఉండాదమ్మా" అని దొరసానమ్మ సంతోషంగా చెప్పిందంట. ఇంట్లో గింజ లేదు, అమ్మ ఆడనే ఉండనీలే అనుకుని వచ్చేసింది. దినాము ఆ ఇద్దరి వాగుడుతో నిండి ఉండే ఇల్లు, చప్పుడే లేకుండా పోయింది. నాకు చెవులు పోయినాయేమో అనిపించేది.

మీ అవ్వని మళ్ళా నేను చూసింది ఆమె టీచరమ్మయి వరికుంటపాడు బడికి వచ్చినప్పుడు. అప్పటికి అమ్మ లేదు. చీర కుచ్చిళ్ళు పెట్టుకుని, చేతిలో పుస్తకం, ఎంత బాగుండాదో! "బాగున్నారా అక్కా" అనింది. నా చెల్లెలు నన్ను మీరు అనింది. ఎవరూ లేకుండా చూసి, నేను మెల్లగా "తుయ్" అన్నాను. "ఏందక్కా, గొంతులో ఏమన్నా పడిందా? నీళ్ళు తెమ్మంటారా?" అనింది. ఏం లేదులే అన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యి ముట్టించలా. వాళ్ళు చేసుకున్న మాటలు, నన్ను రానియ్యని మాటలు, ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉండాయి. నేను పోతే అవీ పోతాయి.

ఇంగ ఎవరితో మాట్లాడేది? మా ఆయనకి చెప్పబోతే నవ్వినాడు, పాపం ఆయన తప్పేముండాది. మేకల ఎంట పోయినప్పుడు నాలో నేను అనుకునేదాన్ని, మర్చిపోతానేమోనని భయం. ఇప్పుడూ అనుకుంటా ఉంటాను. ముసల్దానికి మతి పోయిందంటారు ఈ కోడళ్ళు.

ఆ, చెబుతాను, చెబుతాను. చెయ్యి ఇట్టా ఇయ్యి.

"డిమ్మ ఊచి, గడగడ ఊచి."

అదే. గడగడ అంటే బండి. ఊచి అంటే లేదు, వద్దు, ఏదైనా అదే. డిమ్మ అంటే నేను. వాళ్ళలో వాళ్ళు నన్నట్టా అనుకుంటారని తెలుసు గానీ, నా మొహాన ఎప్పుడూ పిలవలా. ఆ రోజు పిలిచినారు. అక్క లేకుంటే మాకు బండీ వద్దన్నారు మే. నేను రావాలన్నారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పు మీ అవ్వకి. తిండి కోసం చేసిందని కూడా చెప్పు. పంపకుంటే నలుగురం ఆ పాక పక్కనే పోయుంటామేమో, ఏమో, అది నాకు తెలీదు, నువ్వు నన్ను ఎనకేసుకు రాబాకు. చెప్పినాక ఒకటి అడుగు. నేను నెల్లూరికి రావచ్చునా అని. రమ్మంటే నాలుగు దినాలుంటాను, ఆ మాటలన్నీ ఆమెకి నేర్పతాను. ఎన్నో లేవు, రెండు చేతులా లెక్కబెట్టుకోవచ్చు నాలుగైదుసార్లు. తన మాటలు తనకి వస్తే, నేను ఒకటంటే తిరిగి ఒకటంటాది గదా. ఈ జన్మలో నాకు ఆ మాటల్లో బదులు చెప్పిందే లేదు ఎవరూ, ఆ ఒక్కసారి తప్ప.

రమ్మనిందంటే ఒక కార్డు ముక్క రాయించు. చల్లగా ఉండు తల్లీ, నీ కడుపు చల్లగుండ. ఏమీ అనకుండా మొహం తిప్పుకుందనుకో, నువ్వు మళ్ళా అడగబాకు. నాకు అర్థమవతాది. నువ్వు మాత్రం... నువ్వు మాత్రం వస్తా ఉండు మే.