అమానుల్లా ఎండబెట్టిన పాచి

ఆగబ్బా, ఆడ కాలు పెట్టొద్దు! జర్రున జారతావు. సూడు, నల్లపచ్చగా, చెవి తమ్మె మాదిరి మెత్తగా ఉండాది. ముట్టుకో, ఏం గాదులే. దీన్ని సూస్తే నాకు అమానుల్లా గుర్తొస్తాడు. నీకు తెల్దు, నువ్వు పుట్టకముందే పోయినాడు. మన పాకాలోడే, మా పక్కింట్లోనే కాపురం. తిరుపతిలో ఏదో కాలేజీలో, మొక్కల పాఠం జెప్పే గదిలో అటెండరు. పొద్దన్నే రైలెక్కి పోయి సీసాలు కడిగేవాడు. చదివింది ఎనిమిదో తరగతే గానీ, అబ్బా, ఆ కండ్లకు ఏదీ తప్పిపోదు!

ఎనభై ఒకటో సంవత్సరమో, ఎనభై రెండో... శానా దినాలు ఎండినాక పడింది సూడు వాన, ఒకటే కుమ్ముడు. తెల్లారి సూస్తే బాయి చుట్టూ నేలంతా ఇదే, ముద్దలు ముద్దలు. బాయి చంద్రకాంతమ్మోళ్ళది, వీధికంతా అదే. ఆయమ్మ సూసి గగ్గోలు. "రహమత్ బీ, పేగులు కడిగి ఈడ పారబోస్తావా? ఇంగ మా బాయి కాడికి రావొద్దు!" అని. రహమత్ బీ అంటే అమానుల్లా పెండ్లాం. "అల్లా మీద ఒట్టక్కా, మా ఇంట్లో మాంసం వండి నెలయింది" అనింది పాపం. ఎవురింటారు? అందరం నోరు మూసుకున్నాం. నేను గూడా. వారం దినాలు రహమత్ బీ స్టేషన్ కొళాయి నుంచి బిందె మోసింది.

అమానుల్లా కొట్లాడలే. ఒక తునక సీసాలో ఏసుకొని పోయినాడు. సాయంత్రం రైలు దిగి పరిగెత్తుకుంటా వచ్చినాడప్పా! "అన్నా, మైక్రోస్కోపులో సూసినా! పూసల దండలన్నా, అన్నీ పచ్చ పూసల దండలు! మా సారు పుస్తకం తిరగేసి పేరు గూడా జెప్పినాడు, నాస్టాక్ అంట. పాచన్నా ఇది! నేలలోనే ఎండిపోయి పడుంటాదంట, వాన తగిలితే ఉబ్బతాదంట!" చంద్రకాంతమ్మ ఇని, "పేరు పెడితే పేగు పాచయిపోతాదా?" అనింది.

అయినా ఇడిసిపెట్లే ఆయప్ప. ఇంకో ముద్ద తీసి మిద్దె మీద ఎండబెట్టినాడు. మూడు దినాలకు నల్ల కాగితం మాదిరి అయిపాయ. దాన్ని తెచ్చి, "అక్కా, గిన్నె నీదే, నీళ్ళు నీ బాయివే, నీ చేత్తోనే ఎయ్యి" అన్నాడు. వీధంతా మూగినాం. కొంచేపు ఏం లేదు. అప్పుడు ఒక మూల మెదిలింది సూడు... మళ్ళా పచ్చగా, నిగనిగలాడతా ఉబ్బిందబ్బా! "మాంసమైతే కుళ్ళాల గదక్కా, పురుగు పట్టాల గదా! వాసన సూడు, సూడు!" అని ఎగరతా ఉండాడు. ఆయమ్మ ముక్కు కాడ పెట్టుకొని, "మట్టి వాసనే" అనింది.

అని, గమ్మున లేసి, బిందెడు నీళ్ళు తోడి, తీసకపోయి రహమత్ బీ ముందర పెట్టింది. రహమత్ బీ దాన్ని ముట్టలే. లోపలికి పోయి తన బిందె తెచ్చుకొని, మా అందరి నడమన నడిసి బాయి కాడికి పోయి, తానే తోడుకునింది. అమానుల్లా ఆ గిన్నె పట్టుకొని అట్నే సూస్తా...

ఎండ ఎక్కింది పా అబ్బా, నీడకు పోదాం.