చపాతీల తర్వాత భోజనం

రాజమండ్రి ఆసుపత్రి వరండాలో భార్య పక్కన ఉసూరుమంటూ కూర్చున్నాడాయన. కాలి పుండు మానలేదు సరికదా, షుగరు ఇంకా పెరిగింది.

"రాత్రిళ్ళు డాక్టరుగారు చెప్పినట్టు చపాతీలు తింటూనే ఉన్నారు కదండీ?"

"అదే చెప్పాను. అవి తిన్నాక ఏం చేస్తావని అడిగాడు."

"మీరేమన్నారు?"

"భోజనం చేస్తానన్నాను."

"నవ్వారా?"

"లేదు, తల పట్టుకున్నాడు. చపాతీలే భోజనమట."

"అత్తయ్యగారేమో అవి టిఫినే, అన్నం తినకపోతే నీరసం వస్తుందంటారు."

"అమ్మ మాట ఎలా తీసెయ్యను?"

"మీరు తీసెయ్యకండి. ఇక రాత్రిపూట ఆవిడ మట్టుకే అన్నం వండుతాను. తిడితే నన్నే తిడతారు."

"మరి నీకు? చపాతీ నీకు గొంతు దిగదుగా."

"మజ్జిగలో నానబెట్టుకుంటాను లెండి."